తీర్పు రాకముందే మీ ఆస్తిని తప్పుగా జప్తు చేయిస్తే నష్టపరిహారం ఎలా రాబట్టుకోవాలి

ప్రోనోటు మీద దావా వేసి, దాంతో పాటే ఒక ఐఏ (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) పడేసి, తీర్పు రాకముందే అవతలి మనిషి ఇల్లో స్థలమో జప్తు చేయించడం మన కోర్టుల్లో రోజూ జరిగే పనే. లాయర్లు దీన్ని ఏబీజే అంటారు, అంటే అటాచ్‌మెంట్ బిఫోర్ జడ్జిమెంట్. అప్పు ఎగ్గొట్టడానికి ఉన్న ఆస్తంతా రాత్రికి రాత్రే బావమరిది పేరు మీదకి మార్చేసే వాళ్ళున్నారు కాబట్టే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది పెట్టారు, దాని మీద నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, 6 లక్షల నోటుకి 60 లక్షల ఇల్లు జప్తులో పెట్టించి, అది అమ్మితే గానీ పిల్ల పెళ్ళి చేయలేని మనిషిని నలిపి, వడ్డీకి వడ్డీ కట్టించుకునే వాళ్ళ దగ్గర. ఇలా ఇరుక్కున్న వాళ్ళు కష్టపడి జప్తు ఎత్తించుకుంటారు, ఎత్తేయగానే హమ్మయ్య అని ఇంటికెళ్ళిపోతారు, ఈలోపు జరిగిన నష్టం మాత్రం అలాగే మీద పడిపోతుంది.

ఆ నష్టం అవతలి వాళ్ళ దగ్గర వసూలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. రెండు దారులున్నాయి, ఒక దారిలో కోర్టు ఆర్డర్ వచ్చేస్తే రెండో దారి మూసుకుపోతుంది, ఇంకో పక్క లిమిటేషన్ గడువు, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు, పరిగెడుతూ ఉంటుంది. అందుకే జప్తు కాగితం చేతికొచ్చిన రోజు నుంచే నష్టపరిహారం సంగతి మనసులో పెట్టుకుని అడుగులేయాలి.

ఒక మాట ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ రాసేదంతా ప్రైవేటు సివిల్ దావాల్లో కోర్టు ఇచ్చే జప్తు గురించే. సైబర్ క్రైమ్ పోలీసులు అకౌంట్ ఫ్రీజ్ చేయడం, ఈడీ అటాచ్ చేయడం, బ్యాంకు లోను కట్టలేదని సర్ఫేసీ కింద ఇల్లు స్వాధీనం చేసుకోవడం, వీటికి వేరే చట్టాలు, వేరే దారులు.

ముందు జాగ్రత్త: కేవియట్

ఇంకా దావా పడలేదు, లాయర్ నోటీసు మాత్రమే వచ్చింది అంటే మీకు టైమ్ ఉన్నట్టే. నోటీసుకి జవాబు ఇస్తూనే సివిల్ ప్రొసీజర్ కోడ్ (కింద వేరే చట్టం పేరు చెప్పని సెక్షన్లన్నీ దీనివే) సెక్షన్ 148ఏ కింద కేవియట్, అంటే నాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టుకి ముందే పెట్టుకునే అర్జీ, వేయండి. అది 90 రోజులు పనిచేస్తుంది, ఆ లోపు అవతలి వాళ్ళు ఐఏ వేస్తే మీకు చెప్పకుండా, మీ మాట వినకుండా ఆర్డర్ తెచ్చుకోవడం కష్టమవుతుంది. 90 రోజులు దాటితే మళ్ళీ కొత్తది వేయాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

కాగితం వచ్చాక ముందు దాన్ని చదవండి

అమీను (కోర్టు ఆర్డర్లు అమలు చేసే ఉద్యోగి) వచ్చి గోడకి కాగితం అంటించి, ఊళ్ళో టముకు వేయించి వెళ్ళాక ఎవరికైనా ముందు పరువు పోయిందనే బాధే ఉంటుంది. ఆ రోజే లాయర్‌తో కాపీ అప్లికేషన్ పెట్టించి మొత్తం రికార్డు తెప్పించుకోండి: ప్లెయింటు (దావా కాగితం), జప్తు ఐఏ, దాంతో పాటు వేసిన అఫిడవిట్, కోర్టు ఆర్డర్, అమీను రిపోర్టు. రేపు నష్టపరిహారం కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ అఫిడవిట్ మీదే.

అందులో ఏం చూడాలంటే, జప్తు అడిగే వాడు రెండు చూపించాలి. ఒకటి, తన దావాలో పైకి కనిపించేంత బలం ఉందని. రెండు, రేపు డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) వస్తే అది అమలు కాకుండా చేయాలనే ఉద్దేశంతోనే మీరు ఆస్తి అమ్మేస్తున్నారనో, కోర్టు పరిధి దాటించేస్తున్నారనో. చాలా అఫిడవిట్లలో రెండోదానికి ఉండేది ఒక్కటే వాక్యం: "ప్రతివాది నా డబ్బు ఎగవేయాలనే దురుద్దేశంతో షెడ్యూలు ఆస్తిని హడావుడిగా అమ్మజూపుతున్నట్టు నాకు విశ్వసనీయంగా తెలిసింది." ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, కొనేవాళ్ళెవరు, ఎంతకి బేరం, ఏదీ ఉండదు. ఇలాంటి వాక్యం కనబడితే దాని కింద గీత గీసి పెట్టుకోండి, తర్వాత కావాలి.

2008లో రామన్ టెక్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం గట్టిగానే చెప్పింది. తాకట్టు లేని అప్పుని తాకట్టు అప్పుగా మార్చుకోవడానికి ఈ ముందస్తు జప్తు రూల్ లేదంది, దావా పడింది కదా అని ప్రతివాది తన ఆస్తి అమ్ముకోకూడదని ఏమీ లేదంది, వ్యాపారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చినంత మాత్రాన జప్తు చేయడానికి అది కారణం కాదంది, ఒత్తిడి పెట్టి సెటిల్‌మెంట్‌కి రప్పించడానికి జప్తుని వాడుకోవడాన్ని ప్రోత్సహించకూడదు అని కూడా అంది. జప్తు ఐఏకి మీరిచ్చే రాతపూర్వక జవాబులో, అంటే కౌంటర్‌లో, ఈ తీర్పు ఉండాల్సిందే.

తర్వాత కోర్టు ఇచ్చిన ఆర్డర్ చూడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 38 (ఇక్కడ ఆర్డర్ అంటే కోడ్‌లో ఒక భాగం, కింద చెప్పే రూల్స్ అన్నీ ఇందులోవే) రూల్ 5 ప్రకారం కోర్టు ముందు మీకు ఒక గడువిచ్చి, ఇంత మొత్తానికి సెక్యూరిటీ ఇవ్వు, లేదా ఎందుకివ్వక్కర్లేదో వచ్చి చెప్పుకో అని అడగాలి. అలా అడుగుతూనే ఈలోపు షరతుతో జప్తు చేయొచ్చు కూడా. కానీ అసలు ఆ అడగడమే లేకుండా నేరుగా జప్తు చేసేస్తే, సబ్‌రూల్ 4 ప్రకారం ఆ జప్తు చెల్లదు. చట్టంలో వాడిన మాటే వాయిడ్. అవతలి వాళ్ళు ఆస్తి వివరాలు, దాని అంచనా విలువ కూడా పిటిషన్‌లో రాయాలి, 60 లక్షల ఇంటికి 8 లక్షలని రాసి ఉంటే అదీ నోట్ చేసుకోండి.

అసలు జప్తు చేయకూడని ఆస్తులు కొన్ని ఉన్నాయి. రైతు చేతిలో ఉన్న పంట మీద ఏబీజే అడగడానికే వీల్లేదు, రూల్ 12 ఆ మాటే చెప్తుంది, కాబట్టి కళ్ళంలో ఉన్న మిర్చి బస్తాల మీదో పసుపు మీదో ఆర్డర్ తెచ్చారంటే అది మొదట్లోనే తప్పు. సెక్షన్ 60లో రైతు ఉండే ఇల్లు, సేద్యపు పనిముట్లు, ఎడ్లు, చేతివృత్తుల వాళ్ళ పనిముట్లు, పీఎఫ్, ప్రభుత్వ పెన్షన్, జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండొంతులు, ఇలా పెద్ద లిస్టే ఉంది, లాయర్ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ సరి చూసుకోండి.

జప్తు ఎత్తించడం

ఇక్కడ రెండు పనులు కలిపి చేయాలి. కౌంటర్ వేసి జప్తు ఎందుకు తప్పో చెప్పాలి, సెక్యూరిటీ ఇవ్వగలిగితే "నా హక్కులు వదులుకోకుండా ఇస్తున్నా" అని రాతపూర్వకంగా చెప్పి ఇవ్వాలి. ఎఫ్‌డీ, బ్యాంకు గ్యారంటీ, ఇంకో ఆస్తి, లేదంటే తెలిసినవాళ్ళ చేత థర్డ్ పార్టీ సెక్యూరిటీ, ఏది కుదిరితే అది. కోర్టు అడిగిన సెక్యూరిటీ, జప్తు ఖర్చులకి సెక్యూరిటీ ఇస్తే జప్తు తీసేయాలని రూల్ 9 చెప్తుంది, దావా కొట్టేసినా అంతే.

సెక్యూరిటీ ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని కొందరు భయపడి ఇవ్వరు. అలా అవ్వదు. పైగా రేపు మీరు 15 లక్షల నష్టం అడిగితే అవతలి లాయర్ మొదట వేసే ప్రశ్న, "సెక్యూరిటీ ఇచ్చి విడిపించుకునే అవకాశం ఉన్నా ఎందుకు ఊరుకున్నారు" అనే. ఇవ్వలేని పరిస్థితి ఉంటే అదెందుకో కౌంటర్‌లోనే రాయించండి, తర్వాత చెప్తే నమ్మరు. ఒక చిన్న చిక్కు కూడా ఉంది, జప్తు నిజంగా జరిగి ఉంటేనే పరిహారం ఇప్పించే సెక్షన్ 95 (దీని సంగతి కింద చెప్తా) వర్తిస్తుంది, నోటీసు దశలోనే సెక్యూరిటీ ఇచ్చేసి జప్తు పడకుండా ఆపుకుంటే ఆ సెక్షన్ కింద అడగడానికి ఏమీ మిగలదు. అయినా సరే, ఆస్తి జప్తులో పడకుండా చూసుకోవడమే నా లెక్కలో మంచిది, పరిహారం కోసం ఎవరూ జప్తు కొనితెచ్చుకోకూడదు.

కింది కోర్టు వినకపోతే రూల్ 6 కింద ఇచ్చిన జప్తు ఆర్డర్ మీద ఆర్డర్ 43 కింద అప్పీలు ఉంది. జిల్లా స్థాయి కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు.

ఎత్తేసే ఆర్డర్‌లో ఏం రాసి ఉందన్నది చాలా ముఖ్యం, దీన్ని చాలామంది లాయర్లు కూడా పట్టించుకోరు. "సెక్యూరిటీ ఇచ్చారు కాబట్టి జప్తు ఎత్తేస్తున్నాం" అని ఉంటే మీకు పెద్దగా ఉపయోగం లేదు. "పిటిషనర్ చెప్పిన కారణాలకి ఆధారాలేవీ చూపలేదు" అని జడ్జిగారు రాస్తే అదే రేపు మీ పిటిషన్‌కి పునాది. అందుకని సెక్యూరిటీ ఇచ్చినా కౌంటర్ మీద వాదన వినిపించమని, కారణాల మీద ఫైండింగ్ ఇవ్వమని లాయర్‌ని అడిగించండి.

నష్టానికి సాక్ష్యం పోగు చేయడం

ఓడిపోయే కేసులు ఎక్కువగా ఇక్కడే ఓడిపోతాయి. మనిషి ఏడ్చి చెప్తాడు, నిజమే చెప్తాడు, కానీ కాగితం ఉండదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు 200 గజాల స్థలం 40 లక్షలకి అమ్మడానికి ఒప్పుకుని 4 లక్షలు అడ్వాన్సు తీసుకున్నారు. కొనేవాళ్ళు రిజిస్ట్రేషన్ ముందు ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, భారాలు చూపే సర్టిఫికెట్) తీయిస్తే అందులో జప్తు కనిపించింది, బేరం పోయింది, అడ్వాన్సు వెనక్కివ్వాల్సి వచ్చింది, ఆ డబ్బుతో తీర్చాల్సిన బ్యాంకు లోనుకి వడ్డీ పెరిగింది. ఇందులో ప్రతి మెట్టుకీ ఒక కాగితం ఉండాలి. జప్తుకి ముందు తేదీతో స్టాంపు పేపర్ మీద రాసుకున్న అగ్రిమెంటు, అడ్వాన్సు బ్యాంకు ద్వారా వచ్చిన ఎంట్రీ, జప్తుకి ముందు ఈసీ, తర్వాత ఈసీ, జప్తు వల్లే బేరం వదులుకుంటున్నాం అని కొనేవాళ్ళు రాసిచ్చిన లెటర్, అడ్వాన్సు తిరిగిచ్చిన ఎంట్రీ, ఆ నెలల లోన్ స్టేట్‌మెంట్. కొనేవాళ్ళ లెటర్ అప్పటికప్పుడే తీసుకోవాలి, ఏడాది తర్వాత వాళ్ళు ఇంకో స్థలం కొనుక్కుని మీ ఫోన్ ఎత్తరు.

అదే అగ్రిమెంట్‌తో ఇంకో ఉపయోగం కూడా ఉంది. జప్తుకి ముందే ఉన్న ఇతరుల హక్కుల్ని జప్తు దెబ్బతీయదని రూల్ 10 చెప్తుంది. సేల్ డీడ్ జప్తుకి ముందే రాసి, జప్తు తర్వాత రిజిస్టర్ చేసినా కొన్నవాళ్ళ హక్కే నిలుస్తుందని 1990లో సుప్రీంకోర్టు హమ్దా అమ్మాళ్ కేసులో చెప్పింది. కొనేవాళ్ళు భయపడి పారిపోకముందే ఈ సంగతి వాళ్ళకి లాయర్ చేత చెప్పించండి, కొన్నిసార్లు బేరమే నిలబడుతుంది.

వ్యాపారం అయితే లెక్క వేరు. అకౌంట్‌కి గార్నిషీ ఆర్డర్ (మీ డబ్బు మీకివ్వకుండా ఆపమని కోర్టు బ్యాంకుకి పంపే ఆర్డర్) వెళ్ళి చెక్కులు వెనక్కొస్తే బ్యాంకు రిటర్న్ మెమోలు, సప్లయర్ సరుకు ఆపేసినట్టు మెసేజ్‌లు, జీఎస్టీ రిటర్న్‌లలో ముందు మూడు నెలల అమ్మకాలు, జప్తు నెలల అమ్మకాలు. సరుకు జప్తు చేసి గోడౌన్‌కి తాళం వేస్తే, తాళం వేసిన రోజు ఫోటోలు, తీసిన రోజు ఫోటోలు, పాడైన సరుకు లెక్క, ఆ రోజు మార్కెట్ రేటు. వాట్సాప్ చాట్లు కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటీ తీసుకెళ్తే అవతలి వాళ్ళు అభ్యంతరం చెప్తారు, ఫోన్ కూడా మార్చకుండా దాచుకోండి.

పరువు నష్టం కూడా సెక్షన్ 95లో స్పష్టంగా ఉంది. టముకు వేసింది అమీను రిపోర్టులో ఉంటుంది, దాని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

రెండు దారుల్లో ఏది

మొదటిది సెక్షన్ 95. అదే దావాలో, అదే కోర్టులో ఒక పిటిషన్ వేస్తే చాలు, వేరే దావా అక్కర్లేదు. రెండు సందర్భాల్లో వేయొచ్చు: జప్తు సరిపడా కారణాలు లేకుండా అడిగారని కోర్టుకి అనిపించినప్పుడు, లేదా దావా ఓడిపోయి, అసలు దావా వేయడానికే సరైన కారణం లేదని తేలినప్పుడు. మొదటి సందర్భాన్ని గుర్తు పెట్టుకోండి, దానికి దావా ఓడిపోవాల్సిన పని లేదు. మీరు నిజంగానే ఆ 6 లక్షలు బాకీ ఉండొచ్చు, డిక్రీ కూడా రావొచ్చు, అయినా జప్తు అడిగిన కారణం ఉత్తిదైతే దానికి పరిహారం వేరేగా అడగొచ్చు. దురుద్దేశం నిరూపించాల్సిన బరువు కూడా ఇక్కడ ఉండదు.

కానీ పరిమితి ఉంది. ఎంత నష్టం జరిగినా ఈ సెక్షన్ కింద 50,000 రూపాయలకి మించి ఇవ్వరు. 2002 జూలై దాకా అయితే అది 1,000 రూపాయలే ఉండేది. 50,000 కూడా ఈ రోజుల్లో ఒక వాయిదాల కేసుకి లాయర్ ఫీజే, ఇది పెంచాల్సిన అవసరం చాలా ఉందని నా గట్టి అభిప్రాయం.

రెండోది విడిగా నష్టపరిహారం దావా. దీనికి పై పరిమితి లేదు, జరిగిన నష్టమంతా అడగొచ్చు. కానీ అడిగిన మొత్తం మీద కోర్టు ఫీజు కట్టాలి, సాక్షుల్ని పెట్టాలి, ఏళ్ళు పడుతుంది, అన్నిటికీ మించి సరైన కారణం లేదని, దానికి తోడు దురుద్దేశంతో చేయించారని రెండూ మీరే నిరూపించాలి. దురుద్దేశం ఎవరూ కాగితం మీద రాసిపెట్టరు, చుట్టూ ఉన్న విషయాల నుంచే చూపించాలి: చిన్న అప్పుకి పెద్ద ఆస్తి, వేరే ఆస్తులున్నాయని తెలిసీ దాచడం, మీ బేరం సంగతి తెలిశాకే పిటిషన్ వేయడం, "రాజీకొస్తే జప్తు తీయిస్తా" అని పంపిన మెసేజ్. ఆ చివరిది దొరికితే జాగ్రత్తగా భద్రపరచండి.

ఇప్పుడు అసలు ఉచ్చు చెప్తా. సెక్షన్ 95 పిటిషన్ మీద కోర్టు ఆర్డర్ ఇచ్చేస్తే, అదే జప్తు గురించి విడిగా దావా వేయడానికి ఇక వీల్లేదు, సబ్‌సెక్షన్ 2 అదే చెప్తుంది. 12 లక్షల నష్టం జరిగిన మనిషి తొందరపడి 95 కింద వేసి 20,000 ఆర్డర్ తెచ్చుకుంటే మిగతా అంతా వదులుకున్నట్టే, పిటిషన్ కొట్టేసినా అంతే. అందుకని ముందు నష్టం లెక్క వేయండి. 50,000 దాటకపోతేనో, లేదా దురుద్దేశానికి ఆధారం బొత్తిగా లేకపోతేనో 95 మంచిది, త్వరగా తేలుతుంది. నష్టం లక్షల్లో ఉండి, చేతిలో ఆధారం గట్టిగా ఉంటే 95 జోలికే వెళ్ళకండి.

గడువు

లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 80 ప్రకారం, కోర్టు ప్రాసెస్ కింద చరాస్తిని తప్పుగా పట్టుకున్నందుకు పరిహారం దావా ఒక్క ఏడాదిలో వేయాలి, అదీ జప్తు చేసిన తేదీ నుంచి. ఎత్తేసిన తేదీ నుంచి కాదు. అసలు దావా తేలాక చూద్దాం అనుకుంటే సరుకు, బండి, మెషినరీ జప్తు చేసిన కేసుల్లో గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇల్లు, స్థలం చరాస్తి కాదు కాబట్టి వాటికి ఆర్టికల్ 113లో ఉన్న 3 ఏళ్ళు వర్తిస్తాయని వాదించొచ్చు, అయినా ఆ వాదన మీద ఆధారపడకుండా ఏడాది లోపే వేసేయడం సేఫ్. జప్తు కాకుండా తప్పుడు ఇంజంక్షన్ తెచ్చి ఉంటే ఆర్టికల్ 90 కింద అది రద్దయిన రోజు నుంచి 3 ఏళ్ళు ఉంది.

పిటిషన్‌లో ఏం రాయాలి

95 పిటిషన్ పొడుగ్గా ఉండక్కర్లేదు. జప్తు ఐఏ నంబరు, ఆర్డర్ తేదీ, జప్తు జరిగిన తేదీ, ఎత్తేసిన తేదీ. తర్వాత వాళ్ళ అఫిడవిట్‌లో రాసిన కారణాలు, ఇందాక గీత గీసుకున్న వాక్యం యథాతథంగా పెట్టి, దాని పక్కనే అది ఎందుకు నిజం కాదో, ఏ డాక్యుమెంటు చూపిస్తుందో రాయాలి. ఆ తర్వాత నష్టం ఒక్కో పద్దు కింద ఎంతో. మొత్తం కలిపి గుండుగుత్తగా 50,000 అని రాస్తే కోర్టు తనకి తోచినంత తగ్గిస్తుంది. జప్తు అఫిడవిట్‌లో తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని రుజువు ఉంటే, దానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం సెక్షన్ 379 కింద విచారణ కోరుతూ విడిగా దరఖాస్తు వేయొచ్చు, కానీ బెదిరించడానికి మాత్రం అది వాడకండి, రుజువు లేకుండా వేస్తే మీ అసలు పిటిషన్ బలం కూడా తగ్గుతుంది.

95 ఆర్డర్ నచ్చకపోతే సెక్షన్ 104 కింద అప్పీలు ఉంది, ఇద్దరికీ ఉంది.

మీరు ఆ దావాలో ప్రతివాదే కాకపోతే

అన్న బాకీకి తమ్ముడి ట్రాక్టర్ పట్టుకుపోవడం, కిరాయిదారు అప్పుకి ఓనర్ సామాను జప్తు చేయడం కూడా జరుగుతుంటాయి. ముందు రూల్ 8 కింద క్లెయిమ్ పిటిషన్ వేసి, ఆర్‌సీ, బిల్లులు చూపించి వస్తువు విడిపించుకోండి. సెక్షన్ 95 ప్రతివాదికే కాబట్టి మీకు అది రాదు, కానీ మీ స్థానం నిజానికి ఇంకా గట్టిది. 1889లో కలకత్తా నుంచి ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకి ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్ళిన కేసులో, అప్పుతో సంబంధం లేని వాళ్ళ జనపనార జప్తు చేయించారు, ఈలోపు ధర పడిపోయింది. దురుద్దేశం నిరూపించక్కర్లేదు, పరాయి మనిషి సొత్తు మీద చెయ్యి వేయించడమే తప్పు, జప్తు నాటి విలువ లెక్కన కట్టాల్సిందే అని తేల్చారు. ట్రాక్టర్ లాంటి చరాస్తికి పైన చెప్పిన ఏడాది గడువు మీకూ వర్తిస్తుంది, క్లెయిమ్ పిటిషన్ నడుస్తోంది కదా అని ఆగొద్దు.

ఎత్తేశాక చేయాల్సినవి

కోర్టు జప్తు ఎత్తేసినంత మాత్రాన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అది దానంతటదే పోతుందని అనుకోకండి. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని, కోర్టు నుంచి ఆఫీసుకి లెటర్ పంపమని మెమో వేయించి, మీరు కూడా స్వయంగా కాపీ ఇచ్చి రసీదు తీసుకుని, రెండు వారాలాగి కొత్త ఈసీ తీయండి. బ్యాంకు అకౌంట్ అయితే బ్రాంచిలో ఇవ్వండి, రాతపూర్వకంగా ఇవ్వండి. ఆర్డర్ ఇచ్చాక కూడా ఈసీలో జప్తు కనబడుతూ ఉంటే ఆ ఈసీ కాపీని కూడా తేదీతో సహా ఫైల్లో పెట్టుకోండి.

పరిహారం ఆర్డర్ వచ్చాక అవతలి వాళ్ళు కట్టకపోతే సెక్షన్ 36 ప్రకారం డిక్రీ లాగే దాన్ని అమలు చేయించుకోవచ్చు, 12 ఏళ్ళ లోపు ఈపీ, అంటే అమలు పిటిషన్, వేయొచ్చు. అసలు దావాలో మీ మీద డిక్రీ ఉంటే ఆ బాకీలోంచి దీన్ని తగ్గించమని కూడా అడగొచ్చు, ఇద్దరూ ఒకరికొకరు కట్టాల్సి ఉన్నప్పుడు ఆ లెక్క ఈపీ దశలో కోర్టే చూస్తుంది.